గ్రోత్ హార్మోన్ మొదలయ్యాక బాబు చిక్కిపోయాడు, షుగర్ పెరిగింది: ఇంజెక్షన్ ఆపేయాలా?

ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మా బాబుకు 8 ఏళ్లు. గ్రోత్ హార్మోన్ లోపం అని తేలింది. నాలుగు నెలలుగా రోజూ రాత్రి ఇంజెక్షన్ వేస్తున్నాం. ఎత్తు 108 నుంచి 111.5 సెంటీమీటర్లకు వచ్చాడు. కానీ బొద్దుగా ఉండే బుగ్గలు పోయాయి, పక్కటెముకలు కనిపిస్తున్నాయి. ఫాస్టింగ్ షుగర్ అప్పట్లో 76 ఉండేది, ఇప్పుడు 92. మా అత్తగారికీ, మా నాన్నకూ షుగర్ ఉంది. ఈ ఇంజెక్షన్ వల్ల వీడికీ వస్తుందని ఇంట్లో అందరూ అంటున్నారు. ఆపేయమంటారా?"

అమ్మా, ముందు మీ చివరి మాటకే జవాబు చెబుతాను. ఆపకండి. ఈ రాత్రి వేయాల్సిన ఇంజెక్షన్ ఈ రాత్రే వేయండి. మీరు రాసిన రెండు మార్పులూ, అంటే చిక్కడమూ, షుగర్ 76 నుంచి 92 కావడమూ, మందు పనిచేస్తోందనడానికి గుర్తులే. అలాగని మీ ఇంట్లోవాళ్ల భయాన్ని కొట్టిపారేయను. షుగర్ ఉన్న కుటుంబం కాబట్టి కొన్ని విషయాల్లో మీరు మిగతావాళ్ల కంటే జాగ్రత్తగా ఉండాలి. అవేమిటో కింద వివరంగా రాస్తాను. ఇరవై ఏళ్లకు పైగా హార్మోన్ సమస్యలున్న పిల్లలనే చూస్తున్నాను. ఈ ప్రశ్న నాకు దాదాపు ప్రతి కుటుంబం నుంచీ వస్తుంది, అదీ సరిగ్గా మూడో నెలకో నాలుగో నెలకో వస్తుంది.

గ్రోత్ హార్మోన్ అనే పేరు వల్లే సగం గందరగోళం. అది ఎత్తు పెంచే మందు అని మాత్రమే అందరూ అనుకుంటారు. నిజానికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి రాత్రి గాఢనిద్రలో ఎక్కువగా విడుదలయ్యే ఈ హార్మోన్‌కు రెండు ఉద్యోగాలు. ఒకటి లివర్ చేత ఐజీఎఫ్-1 అనే పదార్థాన్ని తయారు చేయించి ఎముకల్ని పొడవు పెంచడం. రెండోది తిండి లేని వేళల్లో, ముఖ్యంగా రాత్రిపూట, ఒంట్లో దాచుకున్న కొవ్వును కరిగించి ఇంధనంగా వాడించడం. అలా చేయడం వల్ల రక్తంలో షుగర్ మరీ పడిపోకుండా ఉంటుంది, కండలోని ప్రోటీన్ కరగకుండా ఉంటుంది. పెద్దయ్యాక ఎత్తు పెరగడం ఆగిపోయినా ఈ రెండో ఉద్యోగం మాత్రం జీవితాంతం సాగుతూనే ఉంటుంది.

ఈ హార్మోన్ లేని పిల్లాడి ఒంట్లో ఏం జరుగుతుందో ఇప్పుడు ఊహించండి. కొవ్వు కరగదు. అది పొట్ట చుట్టూ, ఛాతీ మీద, బుగ్గల్లో పేరుకుంటుంది. కండ తక్కువ. అందుకే ఈ పిల్లలు వయసుకు పొట్టిగా, బొమ్మలాగా గుండ్రటి ముఖంతో, ముద్దుగా కనిపిస్తారు. చుట్టాలంతా "ఎంత బొద్దుగా ఉన్నాడో, బాగా తింటాడు కాబోలు" అంటారు. తీరా చూస్తే వాళ్లలో చాలామంది తిండి తక్కువ తినేవాళ్లే. మీ బాబుకు ఉన్న ఆ బుగ్గలు ఆరోగ్యం వల్ల వచ్చినవి కావు, లోపం వల్ల వచ్చినవి. ఈ మాట చెబితే తల్లులకు బాధగా ఉంటుందని తెలుసు. అయినా చెప్పక తప్పదు, ఎందుకంటే ఆ బుగ్గల కోసమే మందు మానేసిన కుటుంబాలను చూశాను.

ఒక నాయనమ్మ నాకు బాగా గుర్తు. మనవడి స్కూల్ ఐడీ కార్డు తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. ఫొటోలో పిల్లాడు నిండుగా ఉన్నాడు. ఎదురుగా నిలబడ్డవాడి దవడ ఎముక కనిపిస్తోంది. "మందేసి నా మనవణ్ణి ఎండగట్టారు" అన్నారు. దిష్టి కూడా తీయించారట. నేను వాడి చొక్కా చెయ్యి పైకి మడిచి, జబ్బ వెనక చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి, మడత మందం కొలిచే పరికరంతో కొలిచాను. మందు మొదలుపెట్టక ముందు 14 మిల్లీమీటర్లు ఉంది, ఆరు నెలలకు 9 అయ్యింది. తర్వాత అదే జబ్బ చుట్టుకొలత టేపుతో కొలిచి చూపించాను. అది మునుపటంతే ఉంది. "అమ్మా, చర్మం కింద కొవ్వు తగ్గింది, చెయ్యి మాత్రం సన్నబడలేదు. మరి లోపల ఆ చోటు ఏం నింపింది?" అని అడిగాను. ఆవిడ కాసేపు చూసి, మనవడి జబ్బ తనే నొక్కి చూసుకున్నారు. నింపింది కండ. మొదటి ఆరు నెలల్లోనే ఈ మార్పు ఎక్కువగా జరుగుతుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఎత్తు పెరుగుతూ, బరువు పెద్దగా పెరగకపోవడం కూడా ఈ దశలో మామూలే.

కాబట్టి ఇంట్లో బరువు చూసి కంగారు పడవద్దు. వీలైతే డాక్టర్ దగ్గర నడుము చుట్టుకొలత, జబ్బ చుట్టుకొలత రాయించుకోండి. ఆకలి పెరిగిందా అని కూడా గమనించండి. చాలామందికి పెరుగుతుంది. పెరిగిన ఆకలికి బిస్కెట్లు, చిప్సు, కూల్‌డ్రింకులు ఇస్తే మాత్రం కరిగిన కొవ్వు వేరే దారిన మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కండ కట్టడానికి ప్రోటీన్ కావాలి. రోజుకో గుడ్డు, గట్టి పప్పు, పెసరట్టు, పెరుగు, వేయించిన పల్లీలు, మాంసం తినేవాళ్లయితే చేపో కోడో చాలు. డబ్బాల్లో అమ్మే పొడులు అక్కర్లేదు. ఈ హార్మోన్ పనిచేస్తున్నప్పుడు ఒళ్లు ప్రోటీన్‌ను పారేయకుండా దాచుకుంటుంది, అందుకే రక్త పరీక్షలో యూరియా కొంచెం తగ్గినట్టు కనిపించవచ్చు. అది మంచి సూచన.

ఇక అసలు టెన్షన్, షుగర్ సంగతి.

గ్రోత్ హార్మోన్ ఇన్సులిన్‌కు కొంత ఎదురు పనిచేస్తుంది. ఇంజెక్షన్ వేశాక కొన్ని గంటలకు కొవ్వు కరిగి రక్తంలోకి వస్తుంది. కండరాలు ఆ కొవ్వునే కాల్చుకుంటూ గ్లూకోజ్‌ను కొంచెం పక్కన పెడతాయి. దాంతో ఇన్సులిన్ మునుపటంత సులువుగా పనిచేయదు. పాంక్రియాస్ కొంచెం ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసి లెక్క సరిచేస్తుంది. అందుకే చికిత్సలో ఉన్న పిల్లల్లో ఇన్సులిన్ స్థాయి పెరుగుతుంది, ఫాస్టింగ్ షుగర్ కొద్దిగా పెరుగుతుంది, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే పరీక్ష) మాత్రం దాదాపు అందరిలోనూ నార్మల్‌లోనే ఉంటుంది. ఫాస్టింగ్ 100 లోపు ఉంటే నార్మల్. 100 నుంచి 125 దాకా ఉంటే జాగ్రత్త పడాల్సిన గీత. 126, ఆ పైన ఉండి, మళ్లీ చేసినా అలాగే వస్తే షుగర్ జబ్బు. మీ బాబు 92 పూర్తిగా నార్మల్.

ఇంకో మాట. మునుపటి 76ను మంచి అంకెగానూ, ఇప్పటి 92ను చెడ్డ అంకెగానూ మీరు చూస్తున్నారు. నేను అలా చూడను. హార్మోన్ లేనప్పుడు ఒళ్లు ఇన్సులిన్‌కు అతిగా స్పందిస్తుంది, ఖాళీ కడుపున షుగర్ కిందికి జారుతుంది. చిన్నపిల్లల్లో అది ప్రమాదం. చాలా ఏళ్ల కిందట ఏడాది రెండు నెలల బాబును తెచ్చారు. తెల్లవారుజామున ఫిట్స్ వస్తున్నాయని నెలల తరబడి ఫిట్స్ మందు వాడుతున్నారు. ఫిట్స్ ఎప్పుడూ తెల్లవారుజామునే ఎందుకొస్తున్నాయని ఎవరూ అడగలేదు. వార్డులో ఉంచి, ఐదు గంటలకు కాలి మడమ నుంచి చుక్క రక్తం తీసి చూస్తే గ్లూకోమీటర్‌లో 34. బాబు ఒళ్లంతా చెమట. వాళ్లమ్మ రోజూ మధ్యరాత్రి రెండు గంటలకు అలారం పెట్టుకుని లేచి పాలు పట్టేదట, ఎందుకో తనకే తెలియకపోయినా, పట్టిన రోజు ఫిట్స్ రావని గమనించిందట. షుగర్ పడిపోకుండా చూసే మరో హార్మోన్ కార్టిసాల్ బాగానే ఉంది, గ్రోత్ హార్మోన్ లేదు. ఇంజెక్షన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఆ అలారం అవసరం పోయింది. ఆ బాబు విషయంలో షుగర్‌ను పైకి తేవడమే వైద్యం. ఎత్తు తర్వాతి సంగతి.

అయితే మీ కుటుంబం గురించి కచ్చితంగా మాట్లాడుకోవాలి. 2000లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద పరిశీలన వచ్చింది. గ్రోత్ హార్మోన్ తీసుకుంటున్న 23,333 మంది పిల్లల వివరాలు చూశారు. వాళ్లలో 43 మందికి గ్లూకోజ్‌కు సంబంధించిన తేడా కనిపించింది. అందులో 11 మందికి టైప్ 1, 18 మందికి టైప్ 2, 14 మందికి షుగర్ సరిహద్దు స్థితి. టైప్ 1 మామూలు పిల్లల్లో వచ్చినంతే వచ్చింది. టైప్ 2 మాత్రం ఆ వయసు పిల్లల్లో ఉండాల్సిన దానికంటే ఆరు రెట్లు ఎక్కువ. ఆరు రెట్లు అనగానే గుండె జారుతుంది. కానీ ఇరవై మూడు వేల మందిలో పద్దెనిమిది మంది అన్న సంగతి కూడా దాని పక్కనే పెట్టుకుని చూడాలి. ఎలాగూ షుగర్ వచ్చే తత్వం ఉన్న పిల్లల్లో అది ముందుగా బయటపడి ఉండవచ్చని ఆ పరిశోధకులు అభిప్రాయపడ్డారు. ఆ టైప్ 2 మందు ఆపాక కూడా పోలేదు. అందుకే నేను రెండు వైపులా ఉంటాను: మందు మానమని చెప్పను, పరీక్షలు మానడానికీ ఒప్పుకోను.

మన కుటుంబాల్లో నాయనమ్మకో తాతయ్యకో షుగర్ లేని ఇల్లు దొరకడమే కష్టం. కాబట్టి మన పిల్లలకు మందు మొదలుపెట్టక ముందే ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ చేయించి పెట్టుకోవాలి. తర్వాత ఆరు నెలలకోసారి, అంతా బాగుంటే ఏడాదికోసారి. మీ బాబు స్నానం చేస్తున్నప్పుడు మెడ వెనక, చంకల్లో చూడండి. చర్మం నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా మారుతుంటే, ఎంత రుద్దినా పోకపోతే, అది మురికి కాదు. ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువైందనడానికి గుర్తు. వెంటనే డాక్టర్‌కు చూపించండి. దాహం, మూత్రం ఎక్కువ కావడం, రాత్రి పక్క తడపడం కొత్తగా మొదలైతే రేపు చూద్దాం అనుకోకుండా ఆ రోజే షుగర్ చూపించండి. అప్పటికే లావుగా ఉన్న పిల్లలు, ప్రాడర్-విల్లీ లేదా టర్నర్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జన్యు సమస్యలు ఉన్నవాళ్లు, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడేవాళ్లు, మెదడుకు రేడియేషన్ తీసుకున్నవాళ్లు మీ బాబు కంటే ఎక్కువ రిస్కులో ఉంటారు. మీరు రాసినదాన్ని బట్టి మీవాడు ఆ జాబితాలో లేడు.

డోసు కూడా సరిచూసుకోండి. హార్మోన్ లోపానికి సాధారణంగా కిలో బరువుకు రోజుకు 25 నుంచి 35 మైక్రోగ్రాములు వాడతాం. 1 మిల్లీగ్రాము అంటే 3 యూనిట్లు. 19 కిలోల పిల్లాడికి అది రోజుకు దాదాపు 1.4 నుంచి 2 యూనిట్లు అవుతుంది. ఎత్తు ఇంకా త్వరగా పెరగాలని సొంతంగా ఇంజెక్షన్ పెన్ను మీద డోసు అంకె పెంచేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. షుగర్ పెరిగే ప్రమాదం ఎక్కువ డోసులతోనే ఎక్కువ. ఐజీఎఫ్-1 పరీక్ష చేసేది కూడా దీనికే, అది వయసుకు తగ్గ హద్దు దాటితే డోసు తగ్గిస్తాం.

మీరు అడగలేదు కానీ ఈ మందు మొదలయ్యాక నేను షుగర్ కంటే ఎక్కువగా వెంటపడేది థైరాయిడ్‌ను. ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి చెబుతున్నాను. ఒక పాప మొదటి ఆరు నెలలు చక్కగా పెరిగింది, తర్వాత ఉన్నట్టుండి పెరుగుదల మందగించింది. మలబద్ధకం, నిద్రమత్తు, చదువులో వెనకబడటం మొదలయ్యాయి. ఊళ్లో ల్యాబ్‌లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించడానికి పిట్యూటరీ పంపే హార్మోన్) చేయించారు, నార్మల్. నేనూ ఆ కాగితం చూసి థైరాయిడ్ బాగానే ఉందనుకున్నాను. రెండు నెలల తర్వాత ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ తయారు చేసే హార్మోన్ పరీక్ష, చేయిస్తే బాగా తక్కువ వచ్చింది. ఆ రెండు నెలల ఆలస్యం నాది. గ్రోత్ హార్మోన్ టీ4ను టీ3గా, అంటే ఒంట్లో చురుగ్గా పనిచేసే థైరాయిడ్ హార్మోన్‌గా, మార్చే వేగం పెంచుతుంది. పిట్యూటరీ అసలే బలహీనంగా ఉన్న పిల్లల్లో, అప్పటిదాకా దాగి ఉన్న థైరాయిడ్ లోపం ఇలా బయటపడుతుంది. లోపం పిట్యూటరీలోనే ఉన్నప్పుడు టీఎస్‌హెచ్ పెరగదు. కాబట్టి ఆ ఒక్క పరీక్ష నమ్మడానికి వీల్లేదు. మీ బాబుకు తర్వాతి పరీక్షల్లో ఫ్రీ టీ4 ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అడిగి రాయించుకోండి.

కార్టిసాల్ విషయంలోనూ ఇలాంటిదే జరుగుతుంది. ఒంట్లో పనిచేయని కార్టిసోన్‌ను పనిచేసే కార్టిసాల్‌గా మార్చే ఎంజైమ్‌ను గ్రోత్ హార్మోన్ కొంత అణిచేస్తుంది. ఒక్క గ్రోత్ హార్మోనే తక్కువైన పిల్లాడికి దీనితో ఇబ్బంది రాదు. కానీ పిట్యూటరీ నుంచి వచ్చే మిగతా హార్మోన్లు కూడా తక్కువై, కార్టిసాల్‌కు బదులుగా హైడ్రోకార్టిసోన్ మాత్రలు వాడుతున్న పిల్లలకు ఆ డోసు చాలకపోవచ్చు. వాంతులు, నీరసం, జ్వరంలో సోలిపోవడం, షుగర్ పడిపోవడం కనిపిస్తే అది ఎమర్జెన్సీ. మీ బాబుకు ఎంఆర్ఐలో పిట్యూటరీ మామూలుగా ఉందా, మిగతా హార్మోన్లు చూశారా అన్నది మీరు రాయలేదు. ఫైల్ తీసి చూసుకోండి.

రిపోర్టులో ఇంకో అంకె మిమ్మల్ని భయపెట్టవచ్చు. లివర్‌లోనూ ఎముకల్లోనూ ఉండే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పక్కన "ఎక్కువ" అని గుర్తు వేసి ఉంటుంది. లివర్ పాడైందని ఎవరో ఒకరు చెబుతారు. ఎముకలు పెరుగుతున్న పిల్లల్లో అది పెద్దవాళ్ల కంటే ఎప్పుడూ ఎక్కువే, గ్రోత్ హార్మోన్ మొదలయ్యాక ఇంకా పెరుగుతుంది. చాలా ల్యాబులు పెద్దవాళ్ల హద్దులే కాగితం మీద వేస్తాయి. ఫాస్ఫరస్ కూడా కాస్త పెరుగుతుంది. ఎముక అంత వేగంగా కట్టుకుంటున్నప్పుడు విటమిన్ డి, కాల్షియం తక్కువ కాకుండా చూసుకుంటే చాలు. కొలెస్ట్రాల్ విషయంలో మాత్రం అన్నీ మంచి వార్తలే: హార్మోన్ లోపం ఉన్న పిల్లల్లో చెడ్డ కొలెస్ట్రాల్ కొంచెం ఎక్కువగా ఉండటం, చికిత్సతో అది తగ్గడం తరచుగా చూస్తాం.

మొదటి వారాల్లో ఒళ్లు ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బినట్టు, సాక్సు గీతలు లోతుగా పడినట్టు కనిపించి తగ్గిపోతుంది. దీనిలో ఒక్కటి మాత్రం నిర్లక్ష్యం చేయరానిది: తగ్గని తలనొప్పి, దానితో వాంతులు, చూపు మసకబారడం. తలలో ఒత్తిడి పెరిగిందేమో చూడాలి, ఆ రోజే ఇంజెక్షన్ ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అలాగే కుంటుతున్నా, తుంటి లేదా మోకాలు నొప్పి అంటున్నా ఎదుగుదల నొప్పులని నూనె రాసి ఊరుకోకండి. తుంటి ఎముక జారడం అరుదే అయినా నొప్పి మోకాల్లో తెలుస్తుంది, ఎక్స్‌రే తీయాలి.

మామూలు జలుబు, జ్వరానికి మందు మానక్కర్లేదు. ఐసీయూలో చేర్చేంత పెద్ద జబ్బు చేస్తే ఆపుతాం.

మీ నాన్నగారు అడిగి ఉంటారు, ఈ మందు ఎక్కడి నుంచి వస్తుందని. 1985కు ముందు చనిపోయినవారి పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసేవారు. దానివల్ల కొందరికి ప్రాణాంతకమైన మెదడు జబ్బు సోకడంతో అదే ఏడాది దాన్ని ఆపేశారు. ఇప్పుడు వాడేది జన్యు సాంకేతికతతో ల్యాబ్‌లో తయారైనది, ఆ ప్రమాదం దీనికి లేదు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్ అరకు ఆనించి పెట్టవద్దు, గడ్డకడితే పారేయాల్సిందే. సూది రోజూ ఒకే చోట వేస్తే అక్కడ కొవ్వు కరిగి గుంట పడుతుంది. ఇది కూడా ఆ కొవ్వు కరిగించే గుణం వల్లే. తొడలు, పొట్ట, పిరుదులు మార్చి మార్చి వేయండి.

ఎత్తు పెరగడం పూర్తయ్యాక ఏమిటన్నది చాలామంది అడగరు, మీరు ఇప్పుడే తెలుసుకోండి. అబ్బాయిల్లో బోన్ ఏజ్ (ఎక్స్‌రేలో ఎముకలు చూపించే వయసు) 16 దగ్గరికి వచ్చి, ఏడాదికి 2 సెంటీమీటర్ల కంటే తక్కువ పెరుగుతున్నప్పుడు పిల్లల డోసు ఆపుతాం. కొన్ని వారాల నుంచి నెలల విరామం ఇచ్చి మళ్లీ పరీక్ష చేస్తాం. ఈ ఒక్క హార్మోనే తక్కువై, ఎంఆర్ఐ బాగున్న పిల్లల్లో చాలామందికి అప్పటికి సొంత హార్మోన్ సరిపడా వస్తుంది, ఇక మందు అక్కర్లేదు. అప్పటికీ రాకపోతే మాత్రం చాలా తక్కువ డోసులో కొనసాగించమంటాం. అప్పుడది ఎత్తు కోసం కాదు, పొట్ట చుట్టూ కొవ్వు పేరుకోకుండా, కండ, ఎముక గట్టిపడటం పూర్తయ్యేలా. ఆ పరీక్షనాటికి పోల్చి చూడటానికి ఇప్పటి అంకెలు కావాలి. మీరు రాసిన 76, 92 రెండూ తేదీలతో సహా ఫైల్‌లో మొదటి పేజీ మీద రాసి పెట్టండి. వచ్చే నెల పరీక్షల్లో ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ, ఫ్రీ టీ4, ఐజీఎఫ్-1 నాలుగూ ఉండేలా చూసుకోండి. ఆ రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.